ఇసబ్‌గోల్ తాగినా తగ్గని ఎల్‌డీఎల్: నల్గొండ క్లినిక్ నుంచి ఒక కేసు

నేను నల్గొండలో ఒక ఫిజీషియన్ క్లినిక్‌లో డైటీషియన్‌ని. కొలెస్టరాల్ కోసం జిగురు పదార్థాలు వాడేవాళ్లు మా దగ్గరికి చాలామందే వస్తారు. ఇసబ్‌గోల్, మెంతుల నీళ్లు, సబ్జా, ఓట్స్ అంటూ ఇంట్లో ఏదో ఒకటి మొదలుపెట్టేసి ఉంటారు. అది పనిచేయకపోతే "ఇవన్నీ ఉత్తవే" అని వదిలేస్తారు. ఈ కేసులో జిగురు పదార్థం మంచిదే. దాన్ని వేసుకున్న వేళ, కొలత, పద్ధతి మూడూ తప్పాయి. పేషెంట్ అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని తీసేశాను. ల్యాబ్ అంకెలు మాత్రం రిపోర్టులో ఉన్నవే.

నేపథ్యం

యాభై దాటిన మహిళ. జిల్లాలోని ఒక మండల కేంద్రంలో గాజులు, ఫ్యాన్సీ సామాన్ల షాపు నడుపుతుంది. షాపు దగ్గర బాత్రూం లేదు. ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తర్వాత తెలుస్తుంది. థైరాయిడ్ తక్కువగా ఉండటంతో ఏళ్లుగా 75 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ గోలీ వేసుకుంటోంది. షుగర్ లేదు, బీపీ కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు లేరు.

తిండి మన వైపు మామూలుగా ఉండేదే. పొద్దున ఇడ్లీ లేదా ఉప్మా, మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం, పప్పు, పచ్చిపులుసు, రాత్రి జొన్నరొట్టె, ఆదివారం మటన్. చక్కెర టీ మాత్రం రోజుకు నాలుగైదు సార్లు. వంటకు పామాయిల్.

ఏడాది కింద చేయించిన పరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్టరాల్, 158. టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగే అంకె, 3.1. డాక్టరుగారు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ గోలీ గురించి చెబితే ఒప్పుకోలేదు. "ఆ గోలీలు ఏస్కుంటే కాళ్లు గుంజుతయట మేడం, మా వదినె మెట్లు ఎక్కలేకపోయింది" అంది. ఫోన్‌లో వీడియోలు చూసి సొంతంగా ఇసబ్‌గోల్ మొదలుపెట్టింది. నాలుగు నెలలు మానకుండా తాగి మళ్లీ పరీక్ష చేయించుకుంటే మొత్తం కొలెస్టరాల్ 256, ఎల్‌డీఎల్ 172, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్) 44, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) 200 వచ్చాయి.

వచ్చిన సమస్య

కోపంగానే వచ్చింది. "తాగి తాగి యాష్టకొచ్చింది. తగ్గుడు సంగతి దేవుడెరుగు, ఉన్నదానికన్న పెరిగింది" అని రిపోర్టు టేబుల్ మీద పెట్టింది.

డాక్టరుగారు, నేను ముందు ఒక విషయం మాట్లాడుకున్నాం. ఈమెకు గుండెజబ్బు లేదు, షుగర్ లేదు, ఎల్‌డీఎల్ 190 దాటలేదు. కాబట్టి తిండి మార్చి కొన్ని నెలలు చూడటానికి వీలుంది. గుండెపోటు వచ్చినవాళ్లో, స్టెంటు వేసినవాళ్లో అయితే ఆ వీలు లేదు, వాళ్లకు జిగురు పదార్థం స్టాటిన్‌కు బదులు కాదు. చూసినా తగ్గకపోతే గోలీ సంగతి మళ్లీ మాట్లాడాలన్న షరతు మీద ఆమె ఒప్పుకుంది.

ముందు తేల్చుకోవాల్సింది

ఇసబ్‌గోల్ ఎలా తాగుతున్నావో చేసి చూపించమన్నాను. ప్యాకెట్ వెంట తెచ్చుకుంది. చెంచా నిండా పొట్టు తీసి పొడిగానే నోట్లో వేసుకుని రెండు గుక్కలు నీళ్లు తాగుతుందట. వెంటనే ఆపించి, అదే చెంచా పొట్టును నా దగ్గరున్న గ్లాసులో కొద్ది నీళ్లలో వేశాను. వేరే ప్రశ్నలు రెండు అడిగేలోపు అది గట్టిపడింది. గ్లాసు బోర్లిస్తే కింద పడలేదు. "ఇది గొంతులోనే ఇట్లయితే ఏంది పరిస్థితి" అన్నాను. ఇది ఉత్తి బెదిరింపు కాదు. గోరుచిక్కుడు గింజల జిగురుతో, అంటే గ్వార్ గమ్‌తో, చేసిన సన్నబడే బిళ్లలు గొంతులో ఉబ్బి అడ్డుపడిన కేసులు రావడంతో 1990లో అమెరికాలో వాటిని మార్కెట్ నుంచి తీయించారు. మింగడం కష్టంగా ఉన్నవాళ్లకు, పేగు సన్నబడినవాళ్లకు నేను ఇసబ్‌గోల్ ఇవ్వను. ఈమెకు ఆ ఇబ్బందులు లేవు.

తర్వాత ఆ చెంచాను చిన్న త్రాసు మీద తూచాం. పొట్టు రెండు గ్రాములకు అటూ ఇటూగా ఉంది. రోజుకు రెండు చెంచాలు, అంటే నాలుగు గ్రాములు. ఇసబ్‌గోల్ పొట్టు చాలా తేలిక కాబట్టి చెంచా నిండినంత మాత్రాన మోతాదు నిండినట్టు కాదు. కొలెస్టరాల్ తగ్గుతుందని ప్యాకెట్ మీద రాసుకోవడానికి అమెరికా ఎఫ్‌డీఏ 1998లో అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన లెక్క రోజుకు 7 గ్రాముల కరిగే పీచు, అంటే సుమారు 10 గ్రాముల పొట్టు. మలబద్ధకానికి ఒక చెంచా సరిపోవచ్చు. ఆ అలవాటునే జనం కొలెస్టరాల్‌కూ తెచ్చుకుంటారు.

మోతాదు తక్కువైతే తగ్గకపోవచ్చు. కానీ 158 నుంచి 172కి ఎందుకు పెరిగింది? దానికి మోతాదు జవాబు కాదు. రోజు ఎలా మొదలవుతుందో గంట గంటకూ చెప్పమంటే అప్పుడు బయటపడింది. పొద్దుగాల ఐదున్నరకు పరగడుపున థైరాయిడ్ గోలీ, దాని వెంటనే ఇసబ్‌గోల్, పది నిమిషాలకు పాల టీ. పరగడుపున తాగితేనే ఒంట్లో కొవ్వంతా కడిగేస్తుందని వీడియోలో చెప్పారట.

డాక్టరుగారికి చెప్పి టీఎస్‌హెచ్ చేయించాం. 9.4 వచ్చింది. థైరాయిడ్ హార్మోను తగ్గితే లివర్ రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కునే పని మందగిస్తుంది, దాంతో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. పెరిగిన కొలెస్టరాల్‌కు మందు వెతికే ముందు థైరాయిడ్ చూడాలన్నది పాత మాటే.

గోలీలు మానేసిందా అనే అనుమానంతో సీసాలో మిగిలినవి లెక్కపెట్టాం, సరిపోయాయి. కాల్షియం, ఐరన్, గ్యాస్ గోలీలు థైరాయిడ్ మందును అడ్డుకుంటాయి కాబట్టి అడిగాం, ఏవీ లేవు. డోసు మారలేదు, బరువు పెద్దగా మారలేదు. మిగిలింది పొద్దున్నే ఒకచోట చేరిన ఆ మూడే.

జిగురు పనిచేసే తీరు

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఇసబ్‌గోల్ పొట్టులోని జిగురు అరబినోజైలాన్ అనే పొడవాటి చక్కెర గొలుసు. ఇది సహజమైన పాలిమర్. మన అరుగుదల రసాలు దీన్ని విరగ్గొట్టలేవు. నీళ్లు తాగి ఉబ్బి, చిన్నపేగు పొడవునా జెల్‌గానే సాగుతుంది. భోజనం చేసినప్పుడు పైత్యరసం పేగులోకి వస్తుంది. అందులోని బైల్ ఆమ్లాల్లో 95 శాతం దాకా చిన్నపేగు చివర మళ్లీ రక్తంలోకి వెళ్లి లివర్ చేరతాయి. జెల్ వాటిలో కొన్నింటిని పట్టుకుని మలంతో బయటికి పంపిస్తుంది. తగ్గినవాటిని కొత్తగా తయారు చేసుకోవడానికి లివర్‌కు కొలెస్టరాల్ కావాలి, దాన్ని రక్తంలోని ఎల్‌డీఎల్ నుంచి లాక్కుంటుంది. కొలెస్టైరమిన్ అనే పాత మందు పనిచేసేదీ ఈ దారిలోనే.

ఇది అర్థమైతే రెండు సంగతులు వాటంతట అవే తేలతాయి. జెల్ ఉండాల్సింది భోజనంతో పాటే, పైత్యరసం వచ్చే వేళలో. పరగడుపున తాగితే పట్టుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. రెండోది, జెల్‌కు మంచి చెడు తెలియదు, బైల్ ఆమ్లాన్ని పట్టినట్టే మందునూ పట్టి ఉంచగలదు. కొలెస్టైరమిన్ లెవోథైరాక్సిన్‌ను అడ్డుకుంటుందన్నది గట్టిగా రుజువైన విషయం. ఇసబ్‌గోల్ సంగతి అంత గట్టిగా లేదు. ఆరోగ్యవంతులైన కొద్దిమంది మీద చేసిన ఒక చిన్న పరిశీలనలో పెద్ద తేడా కనబడలేదు. అయినా పీచుకూ థైరాయిడ్ గోలీకీ మధ్య ఎడం ఉంచమనే మందు కాగితంలో ఉంటుంది. పాలు కూడా లెవోథైరాక్సిన్ ఒంటబట్టడాన్ని తగ్గిస్తాయి. అందుకే ఈమె విషయంలో నేను జిగురు ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టలేదు, పాల టీకి కూడా వాటా ఉండొచ్చు.

మొదటి నిర్ణయం

రెండు దారులున్నాయి. థైరాయిడ్ డోసు పెంచి, అదే రోజు నుంచి ఇసబ్‌గోల్‌ను పూర్తి మోతాదుకు తేవడం ఒకటి. అంకెలు త్వరగా తగ్గుతాయి, పేషెంట్ కూడా సంతోషపడుతుంది. కానీ దేనివల్ల తగ్గిందో తెలియదు. పైగా గోలీ సరిగా ఒంటబట్టడం మొదలయ్యాక పెంచిన డోసు ఎక్కువైపోయి గుండె దడ రావొచ్చు. రెండో దారి, ముందు గోలీ వేళ సరిచేసి, ఇసబ్‌గోల్ పూర్తిగా ఆపి, టీఎస్‌హెచ్ కుదుటపడేదాకా ఆగడం. తొందరపడాల్సిన కేసు కాదు కాబట్టి డాక్టరుగారు రెండోదానికే మొగ్గారు. నాకూ అదే సరైనదనిపించింది.

ఎనిమిది వారాలు గోలీ ఒక్కటే నీళ్లతో, గంట తర్వాతే టీ. టీఎస్‌హెచ్ 3.6కి దిగింది. ఎల్‌డీఎల్ 156 అయింది, అంటే ఏడాది కింద ఉన్నచోటికే వచ్చింది. పెరిగిన భాగమంతా థైరాయిడ్ లెక్కలోదే అని అప్పుడు నమ్మకం కుదిరింది. జిగురు అసలు పరీక్ష ఇక్కడి నుంచి మొదలు.

ఏ జిగురు?

ఇంట్లోవాళ్లు తలా ఒకటి చెప్పారు. కూతురు చైనా గ్రాస్‌తో, అంటే సముద్రపు నాచు జిగురుతో, జెల్లీ చేసి పెట్టింది. గిన్నెలో గట్టిగా నిలబడుతుంది కానీ గిన్నెలో గట్టిపడటం వేరు, పేగులో చిక్కగా ఉండటం వేరు. కొలెస్టరాల్‌ను తగ్గించేది ఆ రెండోది. ఓట్స్ ఆమె అంతకుముందే తిని విసిగిపోయింది. వాటిలోని జిగురు బీటా గ్లూకాన్. అది రోజుకు 3 గ్రాములు అందాలంటే ముడి ఓట్స్ 75 గ్రాములకు తక్కువ కాకుండా తినాలి. ఈమె తిన్నది చిన్న మసాలా ప్యాకెట్, అందులో ఉప్పే ఎక్కువ. మెంతుల్లో గెలాక్టోమన్నన్ అనే మంచి జిగురు ఉంది, కాకపోతే పని జరగాలంటే చెంచా మెంతులు చాలవు. ఆ చేదుతో, చెమటకు పట్టే ఆ వాసనతో గాజుల షాపులో కూర్చోలేనంది. గోరుచిక్కుడు కూర ఎంత తిన్నా లేత కాయలో జిగురు తక్కువ, అది ముదురు గింజలో ఉంటుంది. గ్వార్ గమ్ పొడిగా తీసుకుంటే పెద్దపేగులో పులిసి గ్యాస్ చేస్తుంది.

అచ్చంపేట వైపు చుట్టాలు తపసి బంక అనే చెట్టు జిగురు పంపించారు. నల్లమలలో చెంచులు సేకరించేది. నీళ్లలో బాగా ఉబ్బుతుంది, మలబద్ధకానికి వాడతారు. కొలెస్టరాల్ విషయంలో దాని వెనుక ఇసబ్‌గోల్‌కు ఉన్నంత రుజువు లేదు, శుభ్రం సంగతి కూడా చూసుకోవాలి. పక్కన పెట్టించాను. అంతా తిరిగి ఇసబ్‌గోల్ దగ్గరికే వచ్చాం. అది పేగులో పెద్దగా పులియదు, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, ధర అందుబాటులో ఉంటుంది.

పనిచేయని పద్ధతి

వారానికి కొంచెం చొప్పున, 3 గ్రాముల నుంచి పెంచుకుంటూ పోవాలని చెప్పాను. ఆమె మొదటి రోజే పదికి పోయింది, అదీ షాపుకు సీసాలో కలిపి తీసుకెళ్లి. షాపు తెరిచి కూర్చునేసరికి సీసాలోది గడ్డకట్టింది. చెంచాతో తీసుకుని తిన్నదట. వారం తిరగకముందే ఫోన్ చేసింది: "కడుపు రాయోలె అయింది మేడం, మోషన్ అయితలేదు." మలబద్ధకానికి వాడే పదార్థంతో మలబద్ధకం ఏమిటనుకోవచ్చు. నీళ్లు ఎన్ని తాగుతున్నావంటే అసలు సంగతి చెప్పింది. షాపు దగ్గర బాత్రూం లేదు కాబట్టి పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా ఆమె నీళ్లే ముట్టదు. మన మండల కేంద్రాల్లో షాపుల్లో, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లలో ఇది చాలామంది అలవాటు. "రోజుకు మూడు లీటర్లు తాగండి" అని కాగితం మీద రాసిచ్చేస్తే సరిపోదు.

అందుకని మోతాదును ఆమె ఇంట్లో ఉండే రెండు వేళలకే కట్టాను. అదృష్టవశాత్తు ఆ రెండు వేళలే ఆమె పెద్ద భోజనాలు కూడా. థైరాయిడ్ గోలీకీ మధ్యాహ్న భోజనానికీ ఎనిమిది గంటల ఎడం దానంతట అదే వచ్చింది.

కుదిరిన పద్ధతి

మధ్యాహ్నం పెద్ద గ్లాసు పల్చటి మజ్జిగలో 6 గ్రాములు కలిపి, చిక్కబడకముందే అన్నంతో పాటు తాగడం, పైన ఇంకో గ్లాసు నీళ్లు. నెల రోజుల్లో మెల్లగా అక్కడికి చేర్చాం. మిగతా 4 గ్రాములు రాత్రికి. రాత్రి మళ్లీ గ్లాసంటే ఆమె మొహం చిట్లించింది.

రొట్టె ఆలోచన నాది, దాన్ని నడిపించింది మాత్రం ఆమె కోడలు. జొన్నపిండికి సాగే గుణం లేదు. వేడినీళ్లతో ఎంత పిసికినా చెయ్యి తిరగనివాళ్లు తడితే అంచులు పగులుతాయి. ఒక్కో రొట్టె పిండికి 2 గ్రాముల పొట్టు కలిపి, మామూలుకన్నా కొంచెం ఎక్కువ వేడినీళ్లు పోసి, పది నిమిషాలు మూతపెట్టి ఉంచమన్నాను. జిగురు నీళ్లు పీల్చుకుని పిండిని పట్టి ఉంచుతుంది. మొదటిరోజు నీళ్లు చాలక ముద్ద రాయిలా అయిందట. రెండోరోజు సరిపోయింది, రొట్టె అంచు పగలకుండా పెనం మీదికి వెళ్లింది. కొత్తగా వచ్చిన కోడలికి అప్పటిదాకా రొట్టె తట్టడం పెద్ద టెన్షన్. ఇప్పుడు ఇంట్లో అందరికీ అదే పిండి. కొలెస్టరాల్ కోసం కాకపోయినా రొట్టె కోసమే ఇసబ్‌గోల్ డబ్బా వంటింట్లోకి చేరింది. నీళ్లు ముందే పీల్చుకుని ఉంటుంది కాబట్టి గొంతులో ఉబ్బే భయం కూడా తక్కువ.

మరి మొత్తం పది గ్రాములూ రొట్టెలోనే వేయొచ్చు కదా అని ఆమె అడిగింది. రెండు కారణాలతో వద్దన్నాను. అంత వేస్తే రొట్టె బంకబంకగా అవుతుంది. రెండోది, ఇలాంటి జిగుర్ల బలమంతా గొలుసు పొడవులో, చిక్కదనంలో ఉంటుంది. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ గొలుసులు తయారీలో బాగా తెగిపోతే ఎల్‌డీఎల్ మీద ప్రభావం తగ్గిపోతుందని ట్రయల్స్‌లో చూశారు. పెనం వేడికి వెళ్లినదాన్ని పచ్చిగా తాగినదానితో సమానంగా లెక్కకట్టడం నాకిష్టం లేదు. అందుకే పెద్ద వాటా మజ్జిగలోనే ఉంచాను.

ఫలితం, దాని మీద నా అనుమానం

పూర్తి మోతాదు మీద రెండు నెలలు గడిచాక మొత్తం కొలెస్టరాల్ 221, ఎల్‌డీఎల్ 139, హెచ్‌డీఎల్ 45, ట్రైగ్లిజరైడ్లు 185. టీఎస్‌హెచ్ 3.4 దగ్గర నిలకడగా ఉంది. ఆమె స్వీటు డబ్బాతో వచ్చింది. దాని గురించి వేరే మాట్లాడుకున్నాం.

156 నుంచి 139 అంటే దాదాపు 11 శాతం తగ్గినట్టు. ఇసబ్‌గోల్‌తో మామూలుగా 5 నుంచి 10 శాతం ఆశిస్తాను. ట్రయల్స్ కలిపి చూసిన లెక్కల్లో కూడా రోజుకు పది గ్రాములకు ఎల్‌డీఎల్ సగటున 13 పాయింట్ల దగ్గర తగ్గింది. ఈమెకు 17 తగ్గింది. ఒక మనిషి అంకె సగటుకు అటూ ఇటూ ఉండటం మామూలే, ఎల్‌డీఎల్ పరీక్ష పరీక్షకూ కొంత ఊగుతుంది కూడా. అయినా ఆశించినదాని కన్నా బాగా వచ్చినప్పుడు ఇంకేం మారిందని అడగాలి. అడిగితే, "పామాయిల్ బంద్ చేసిన కదా మేడం, రెండు నెలలాయె. పల్లి నూనె వాడుతున్నం" అంది. నాకు చెప్పాలని ఆమెకు తోచలేదు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే, పల్లి నూనెలో అది ఐదో వంతు దగ్గర ఉంటుంది. నూనె మారిస్తే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. కాబట్టి ఈ 17లో జిగురు వాటా ఎంత, నూనె వాటా ఎంత అనేది ఈ కేసు చెప్పలేదు. ఆమె చేసింది మంచి పనే, వెనక్కి తీసుకోమని ఎవరూ అనరు. ఇసబ్‌గోల్ విజయగాథగా మాత్రం దీన్ని చెప్పుకోను.

ట్రైగ్లిజరైడ్లు పెద్దగా కదల్లేదు, కదలాలని అనుకోలేదు కూడా. ఇలాంటి జెల్ పని ప్రధానంగా ఎల్‌డీఎల్ మీదే. ట్రైగ్లిజరైడ్ల విషయంలో ఈమె చూసుకోవాల్సింది టీలో చక్కెర, అన్నం కొలత. ఆ పని ఇప్పుడు నడుస్తోంది, రొట్టె అంత సాఫీగా కాదు.

నేర్చుకున్నవి, ఇంకా మిగిలినవి

పేషెంట్ "వాడుతున్నాను" అంటే దాన్ని వాడటం కింద లెక్కపెట్టకూడదు. ఎంత, ఎప్పుడు, దేనితో, ఎన్ని నీళ్లతో అనేది చేయించి చూడాలి. మా దగ్గర ఇప్పుడు చిన్న త్రాసు టేబుల్ మీదే ఉంటుంది, చెంచా ఇంటి నుంచి తెమ్మంటాం. గోలీలు వేసుకునే ఎవరికైనా జిగురు పదార్థం మొదలుపెట్టే ముందు వాళ్ల రోజును గంటల వారీగా రాసుకుంటాం. థైరాయిడ్ గోలీకి నాలుగు గంటల ఎడం ఉంచుతాం, ఆరేడు వారాలకు టీఎస్‌హెచ్ చూడమని డాక్టరుగారికి ఒక చీటీ పెడతాం. షుగర్ మందులు వాడేవాళ్లకైతే జెల్ వల్ల భోజనం తర్వాత షుగర్ కొంత తగ్గొచ్చని ముందే చెబుతాం.

స్టాటిన్ మాట ఈమెతో ఇంకా తెగలేదు. 139 మీద డాక్టరుగారు బలవంతపెట్టలేదు కానీ, వయసు, బీపీ చూసుకుంటే ముందు ముందు కావాల్సి రావొచ్చని చెప్పారు. సిమ్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములకు రోజుకు 15 గ్రాముల ఇసబ్‌గోల్ కలిపితే 20 మిల్లీగ్రాముల గోలీ ఇచ్చినంత పని జరిగిందని 2005లో ఒక ట్రయల్ చూపించింది. ఆ సంగతి చెబితే ఆమె మొదటిసారి గోలీ గురించి వాదించకుండా విన్నది. "అంటే చిన్న గోలీతోని ఎల్లిపోతదా?" అని అడిగింది. ఎల్లిపోవచ్చు, వచ్చే పరీక్ష చూసి మాట్లాడుకుందామన్నారు డాక్టరుగారు. అది ఆరు నెలలకు రాసి ఉంది. అప్పటిదాకా నూనె, మోతాదు రెండూ మార్చొద్దని, మారిస్తే ఫోన్ చేసి చెప్పమని ఆమె ఫైలు మీద పెద్దక్షరాలతో రాశాను.